పాత పత్రికల ఫొటోలు యాభై ఏళ్లు నిలవాలంటే ఏ ఫార్మాట్‌లో దాచాలి? టిఫ్, జేపెగ్ 2000, పీఎన్‌జీ, పీడీఎఫ్…

కాగితపుపడవ:

అందరికీ నమస్కారం. మా గ్రంథాలయం బీరువాల్లో 1920–1960 మధ్య వచ్చిన మాసపత్రికలు, వారపత్రికలు ఉన్నాయి. లెక్కేస్తే సుమారు 40,000 పేజీలు. ఎక్కువ భాగం 7.5 × 10 అంగుళాల సైజు. కాగితం బాగా పసుపెక్కింది, మడత దగ్గర వేలు తగిలితే విరుగుతోంది. రెండోసారి ఫొటో తీసే అవకాశం ఉండదనుకునే పని మొదలుపెట్టాలి.

సరంజామా ఇది: 24 మెగాపిక్సెల్ కెమెరా, కాపీ స్టాండు, రెండు పక్కలా ఎల్ఈడీ లైట్లు, పేజీ మీద పరిచే గాజు పలక. నిల్వకి 8 టీబీ హార్డ్ డిస్కులు రెండు. సర్వర్ లేదు, టేపు డ్రైవ్ లేదు. పనిచేసేది ముగ్గురు వాలంటీర్లు.

ఏ ఫార్మాట్ అని అడిగితే తలో మాట చెబుతున్నారు. జేపెగ్‌లో క్వాలిటీ 100 పెడితే చాలని ఒకరు, టిఫ్ తప్ప వేరే దారి లేదని ఒకరు, నేరుగా పీడీఎఫ్ చేసేయమని ఇంకొకరు. పీఎన్‌జీ కూడా నష్టం లేనిదే కదా, అది ఎందుకు వద్దు?

ఇంతకు ముందు తీసిన సరుకు కూడా కొంత ఉంది: ఫోన్లతో తీసిన జేపెగ్‌లు 3,000 దాకా, ఐఫోన్ హెచ్ఈఐసీ ఫైళ్లు 400, బయట స్కాన్ చేయించిన పీడీఎఫ్‌లు 60. వీటన్నిటినీ టిఫ్‌లోకి మార్చేసి ఒకే పద్ధతిలో ఉంచాలా?

నిల్వగది:

పడవ గారూ, మీ పరిస్థితికి మాస్టర్ కాపీ (మళ్లీ మార్చకుండా దాచే మూల ఫైలు) టిఫ్‌లో పెట్టండి. అయితే "టిఫ్" అంటే సరిపోదు. టిఫ్ ఒక సంచి లాంటిది, అందులో ఏం వేసినా పేరు టిఫ్ అనే ఉంటుంది. లోపల జేపెగ్ కంప్రెషన్ ఉండొచ్చు, ఫొటోషాప్ లేయర్లు ఉండొచ్చు, ఇరవై పేజీలు ఒకే ఫైల్లో ఉండొచ్చు. కాబట్టి టిఫ్ 6.0, పేజీకి ఒక ఫైలు, కంప్రెషన్ లేకుండా, ఆర్‌జీబీ, ఒక్కో రంగుకి 8 బిట్లు, లేయర్లు లేకుండా, కలర్ ప్రొఫైల్ (ఫైల్లోని అంకెలు ఏ రంగులో చెప్పే వివరం) ఫైల్లోనే పొదిగి. ఇంతవరకూ రాసి గోడకి అంటించండి. ముగ్గురు పనిచేస్తున్నప్పుడు ఒకరు ఎల్‌జెడ్‌డబ్ల్యూ, ఇంకొకరు జిప్ (రెండూ నష్టం లేని కంప్రెషన్ పద్ధతులు) పెట్టేస్తే నాలుగు నెలలకి ఏ ఫైల్ ఏమిటో ఎవరికీ తెలియదు.

టిఫ్ 6.0 ప్రమాణం 1992 జూన్‌లో వచ్చింది. అప్పుడు ఆల్డస్ కంపెనీది, 1994లో ఆల్డస్‌ని అడోబీ కొన్నాక అడోబీ చేతికి వెళ్లింది. అప్పటి నుంచి మూల ప్రమాణం మారలేదు. ముప్పై ఏళ్లకి పైగా కదలకుండా ఉన్న ప్రమాణం, చదవగల ప్రోగ్రాములు లెక్కలేనన్ని, ఎవరికీ లైసెన్సు డబ్బు కట్టక్కర్లేదు. ఎల్‌జెడ్‌డబ్ల్యూ మీద ఒకప్పుడు పేటెంటు గొడవ ఉండేది. ఆ పేటెంటు అమెరికాలో 2003లో, మిగతా చోట్ల 2004లో ముగిసింది. ఇప్పుడు దాని గురించి భయం లేదు.

జాగా లెక్క: మీ కెమెరా 6000 × 4000 పిక్సెళ్లు ఇస్తుందనుకుందాం. మూడు రంగులు, రంగుకి ఒక బైటు. 7.2 కోట్ల బైట్లు, అంటే ఫైలుకి 72 ఎంబీ. 40,000 పేజీలకి 2.88 టీబీ. మీ 8 టీబీ డిస్కులో సగం కూడా కాదు. 16 బిట్లలో పెడితే ఫైలుకి 144 ఎంబీ, మొత్తం 5.76 టీబీ. అదీ పడుతుంది, కానీ ఆ డిస్కులో మిగిలేది రెండు టీబీ పైచిలుకే. అచ్చు కాగితానికి, ఎక్స్‌పోజర్ సరిగ్గా ఉంటే, 8 బిట్లు చాలు. 16 బిట్ల అవసరం నెగెటివ్‌లకి, బాగా వెలిసిన ఫొటోలకి వస్తుంది. ఒక హెచ్చరిక: 16 బిట్ల ఫొటోకి ప్రిడిక్టర్ (పక్క పిక్సెల్‌తో ఉన్న తేడాని మాత్రమే రాసే పద్ధతి) లేకుండా ఎల్‌జెడ్‌డబ్ల్యూ పెడితే ఫైల్ తగ్గకపోగా తరచూ పెరుగుతుంది. కింది బిట్లలో ఉండే నాయిస్‌కి ఏ క్రమమూ ఉండదు కాబట్టి అది కుదించడానికి లొంగదు.

కంప్రెషన్ ఎందుకు వద్దంటున్నానో చూడండి. ఫైల్లో ఒక్క బిట్ తారుమారైందనుకోండి. కంప్రెషన్ లేని టిఫ్‌లో ఒక పిక్సెల్ రంగు మారుతుంది, కంటికి కూడా కనిపించదు. ఎల్‌జెడ్‌డబ్ల్యూ టిఫ్‌లో ఆ బిట్ ఉన్న పట్టీ, అంటే ఇన్ని వరుసలని కలిపి కుదించిన ముక్క, అక్కడి నుంచి చివరిదాకా పాడవుతుంది. మామూలు జేపెగ్‌లో ఆ చోటు నుంచి పేజీ అడుగుదాకా గడులు పక్కకి జరిగి, రంగు మారిపోయి కనిపిస్తాయి.

అలాగని టిఫ్‌కి మరణం లేదనుకోకండి. ఫైల్ మొదటి ఎనిమిది బైట్లు చూడండి. మొదటి రెండు "ఐఐ" గానీ "ఎంఎం" గానీ, తర్వాతి రెండిట్లో 42 అనే అంకె, ఆ తర్వాతి నాలుగు బైట్లలో "సూచిక ఫలానా చోట ఉంది" అనే చిరునామా. వెడల్పు, ఎత్తు, కంప్రెషన్, పిక్సెళ్లు ఎక్కడున్నాయి అనే సంగతులన్నీ ఆ సూచికలోనే ఉంటాయి. చాలా ప్రోగ్రాములు పిక్సెళ్లు ముందు రాసి, సూచికని ఫైల్ చివర రాస్తాయి. కాపీ చేస్తుండగా కేబుల్ ఊడి చివరి కొన్ని కేబీలు రాకపోతే, 72 ఎంబీలో 71.9 వచ్చినా ఫైల్ తెరుచుకోదు. పిక్సెళ్లన్నీ ఉన్నాయి, ఎక్కడున్నాయో చెప్పే కాగితం లేదు. అందుకే కాపీ చేసిన ప్రతిసారీ చెక్‌సమ్ (ఫైల్లోని బైట్లన్నిటి నుంచి లెక్కగట్టే గుర్తింపు సంఖ్య) సరిచూడాలి. ఫార్మాట్ ఎంపికకన్నా ఇది ఎక్కువ ఫైళ్లని కాపాడుతుంది.

రిజల్యూషన్: 7.5 అంగుళాల వెడల్పుకి అటూఇటూ అంచు కలిపి 8.25 అంగుళాలు 4000 పిక్సెళ్లలో పట్టేలా కెమెరా ఎత్తు బిగిస్తే అంగుళానికి 485 పిక్సెళ్లు వస్తాయి. 400 దాటితే పత్రికల చిన్న అచ్చుకి సరిపోతుంది. ప్రతి బ్యాచ్ మొదటి ఫొటోలో స్కేలు, రంగుల చార్టు పెట్టి తీయండి. కెమెరాలో షార్ప్‌నింగ్, నాయిస్ తగ్గింపు, ఆటో వైట్ బ్యాలెన్స్ మూడూ ఆపేయండి.

అచ్చుగుడి:

పీఎన్‌జీ గురించి అడిగారు కాబట్టి చిన్న జవాబు. చెడ్డది కాదు. 1996 నుంచి ఉంది, తర్వాత ఐఎస్ఓ ప్రమాణం కూడా అయింది, ప్రతి ముక్కకీ సొంత సీఆర్‌సీ (తప్పు పట్టే సంఖ్య) ఉండటం వల్ల పాడైతే వెంటనే బయటపడుతుంది. ఆ విషయంలో టిఫ్‌కన్నా మేలు. తక్కువయ్యేది ఎక్కడంటే, ఎగ్జిఫ్‌కి (కెమెరా రాసే తేదీ, సెట్టింగుల వివరాలకి) అధికారికంగా చోటు 2017లో గానీ రాలేదు, సీఎంవైకే (నాలుగు అచ్చు సిరాల రంగు పద్ధతి) లేదు, లైబ్రరీల స్కానింగ్ సాఫ్ట్‌వేర్లు సాధారణంగా దాన్ని మాస్టర్‌గా తీసుకోవు. స్క్రీన్‌షాట్లు, గీతల బొమ్మలు, కంప్యూటర్‌లోనే పుట్టినవాటికి పీఎన్‌జీయే సరి. కెమెరా ఫొటోలకి టిఫ్.

తరంగిణి:

నిల్వగది గారి సలహాతో పెద్ద పేచీ లేదు గానీ, జేపెగ్ 2000ని అసలు ప్రస్తావించకుండా వదిలేశారు. 2000లో వచ్చిన ఐఎస్ఓ 15444 అది. పేరులో జేపెగ్ ఉన్నా లోపలి గణితం వేరు: మామూలు జేపెగ్ బొమ్మని 8 × 8 గడులుగా కోస్తే, ఇది వేవ్‌లెట్‌లతో (బొమ్మని స్థూలం నుంచి సూక్ష్మం దాకా పొరలుగా విడదీసే గణితంతో) నడుస్తుంది. నష్టం లేని పద్ధతిలో పెడితే ఫైల్ దాదాపు సగం అవుతుంది. అంటే 2.88 టీబీ స్థానంలో సుమారు 1.4. డిస్కులు రెండే ఉన్నవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. అంత తక్కువైతే మూడో కాపీకి చిన్న డిస్కు ఒకటి కొని వేరే ఊళ్లో పెట్టొచ్చు. వరదో, షార్ట్ సర్క్యూటో, దొంగతనమో జరిగితే ఆదుకునేది ఫార్మాట్ కాదు, మూడో కాపీ.

నెదర్లాండ్స్ జాతీయ గ్రంథాలయం, లండన్‌లోని వెల్‌కమ్ కలెక్షన్ లాంటి చోట్ల దీన్ని నిల్వ ఫార్మాట్‌గానే తీసుకున్నారు. అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నడిపే వార్తాపత్రికల ప్రాజెక్టులో మాస్టర్ టిఫ్, వాడకానికి జేపీ2 (జేపెగ్ 2000 ఫైలు), రెండూ అడుగుతారు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో తెలుగు పుస్తకం పేజీ తెరిచి డౌన్‌లోడ్ జాబితా చూస్తే జేపీ2 జిప్ కనిపిస్తుంది. అయితే అవి సాధారణంగా నష్టంతో కుదించినవి. "ఆర్కైవ్ వాళ్లు జేపీ2 వాడారు కాబట్టి మన జేపీ2 కూడా అదే" అనుకోవద్దు.

ఇక్కడే మనుషులు బోల్తా పడతారు. ఒకే పొడిగింపుతో రెండు రకాలు. 5/3 వేవ్‌లెట్ అయితే వెనక్కి పిక్సెల్‌కి పిక్సెల్ తిరిగొస్తుంది. 9/7 అయితే రాదు. ప్రోగ్రాము డైలాగులో "క్వాలిటీ" అనే స్లైడర్ కనిపించిందంటే అనుమానించండి. ఓపెన్‌జేపెగ్ (జేపీ2 చేసే ఉచిత ప్రోగ్రాము) మనం ఏ ఆప్షనూ ఇవ్వకపోతే నష్టం లేకుండానే చేస్తుంది. నిష్పత్తి గానీ, 9/7 ఆప్షన్ గానీ ఇస్తే నష్టం మొదలవుతుంది. మార్చిన వెంటనే జేపీ2ని తిరిగి టిఫ్ చేసి, ఇమేజ్‌మ్యాజిక్ ప్రోగ్రాములోని కంపేర్‌లో ఏఈ కొలతతో (తేడా ఉన్న పిక్సెళ్ల లెక్కతో) మూలంతో పోల్చండి. సున్నా రావాలి. ఒక్కటి వచ్చినా ఆ బ్యాచ్ అంతా ఆపి సెట్టింగ్ చూడాలి. తర్వాత జేపైలైజర్ అనే పరీక్ష ప్రోగ్రాముతో ఫైల్ నిర్మాణం పరీక్షించండి. సగంలో తెగిన జేపీ2ని చాలా వ్యూయర్లు ఏ ఫిర్యాదూ లేకుండా చూపించేస్తాయి, కాస్త మసకగా ఉంటుందంతే. జేపైలైజర్ దాన్ని పట్టుకుంటుంది.

లోపాలు కూడా చెబుతా. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ దీన్ని చూపించవు. కాబట్టి పాఠకులకి ఇవ్వడానికి ఎలాగూ ఇంకో కాపీ చేయాలి. రిజల్యూషన్ వివరాన్ని చాలా ప్రోగ్రాములు రాయవు, రాసినా వేరే గడిలో రాస్తాయి. కలర్ ప్రొఫైల్ విషయంలో మొదటి ప్రమాణం మరీ ఇరుకుగా ఉండి, తర్వాత సవరించాల్సి వచ్చింది. ఈ పరీక్షలన్నీ క్రమం తప్పకుండా చేసే మనిషి మీ ముగ్గురిలో ఒకరుంటే జేపీ2. లేకపోతే టిఫే మంచిది.

నిల్వగది:

చివరి వాక్యంతో ఏకీభవిస్తున్నా. పెద్ద లైబ్రరీల్లో పరీక్ష దానంతటదే నడుస్తుంది. ముగ్గురు వాలంటీర్లు సాయంత్రాలు చేసే పనిలో పరీక్ష ఒక మనిషి ఓపిక మీద ఆధారపడుతుంది. రెండో సంవత్సరంలో ఆ మనిషి మారిపోతే? ఈ 40,000 పేజీలకి నేనైతే టిఫ్ దగ్గరే ఆగుతా. నాలుగు లక్షల పేజీలైతే తరంగిణి గారి మాటే నా మాట.

పొల్లు:

పాత సరుకు గురించి ఇద్దరూ ముట్టుకోలేదు కాబట్టి అది నేను చెబుతా.

జేపెగ్‌లు 3,000: వాటిని టిఫ్ చేయకండి. జేపెగ్‌లో పోయింది టిఫ్‌లోకి మార్చినా రాదు. ఫైల్ పది పన్నెండు రెట్లు పెరుగుతుంది, ఎగ్జిఫ్ పోయే ప్రమాదం ఉంటుంది, పైగా పదేళ్ల తర్వాత చూసేవాళ్లకి అది నష్టం లేని స్కాన్ అనే అబద్ధం చెబుతుంది. జేపెగ్ కూడా 1992 నాటి ప్రమాణమే, చదవలేని రోజు దగ్గర్లో లేదు. కెమెరాలోంచి వచ్చిన ఫైలు ఏదో అదే మాస్టర్. చెక్‌సమ్ కట్టి, రీడ్-ఓన్లీ చేసి పక్కన పెట్టండి.

వాటిని తెరిచి తిప్పి సేవ్ చేయడం మాత్రం మానాలి. ప్రతి సేవ్‌కీ మళ్లీ కుదింపు జరుగుతుంది. తిప్పడం తప్పనిసరైతే జేపెగ్‌ట్రాన్ అనే ప్రోగ్రాముతో "పర్‌ఫెక్ట్" ఆప్షన్ పెట్టి తిప్పండి, అది పిక్సెళ్లని విప్పకుండా గడుల్ని మాత్రమే తిప్పుతుంది. రంగు వివరం సగానికి కోసిన మామూలు జేపెగ్‌లో రెండు కొలతలూ 16తో భాగించబడితేనే ఇది ఏ వైపు తిప్పినా పూర్తిగా కుదురుతుంది. 6000 × 4000 కుదురుతుంది. ఐఫోన్ 4032 × 3024 కుదురుతుంది. 4000 × 3000 ఇచ్చే ఫోన్లలో 3000ని 16 భాగించదు, అంచున ఒక సగం గడి మిగిలి, తిప్పే వైపుని బట్టి ఆ ఆప్షన్ "కుదరదు" అని ఆగిపోవచ్చు. అప్పుడు ఫైల్‌ని అలాగే వదిలి, ఎగ్జిఫ్‌లో ఓరియంటేషన్ అంకె మార్చండి చాలు.

"క్వాలిటీ 100 జేపెగ్ చాలు" అన్నవాళ్లకి ఒక్కటి చూపించండి. పాత పత్రికల మొదటి పేజీ మీద గ్రంథాలయం ఊదారంగు రబ్బరు ముద్ర ఉంటుంది కదా, అచ్చు అక్షరాల మీదే పడి ఉంటుంది. ఫోన్ జేపెగ్‌లో ఆ చోటుని 400 శాతానికి పెంచి చూడండి. అక్షరం నలుపు గీత పదునుగానే ఉంటుంది, ఊదారంగు మాత్రం గీత దాటి మచ్చలా పాకి ఉంటుంది. ఫోన్ జేపెగ్‌లు వెలుగుని పూర్తి రిజల్యూషన్‌లో ఉంచి, రంగుని అడ్డంగా సగం, నిలువుగా సగం చేస్తాయి. రెండు సిరాలు ఒకదాని మీద ఒకటి పడిన చోట ఏది ఏదో విడదీయడానికి ఉన్న ఆధారం రంగే. ఆ ఆధారం అక్కడ పోయింది. క్వాలిటీ 100 అన్నా కొన్ని ప్రోగ్రాములు ఈ కోత ఆపవు, విడిగా ఆపాలి.

హెచ్ఈఐసీ 400: లోపల ఉన్నది హెచ్ఈవీసీ అనే వీడియో కుదింపు పద్ధతి, దాని చుట్టూ పేటెంట్లు ఉన్నాయి, అందుకే కొన్ని చోట్ల తెరుచుకోదు. మూలం అలాగే ఉంచి, పక్కన ఒక టిఫ్ చేసి పెట్టండి. ఇక్కడ మార్చడానికి కారణం నాణ్యత కాదు, రేపు చదవడం. ఇకముందు ఫోన్ సెట్టింగుల్లో కెమెరా, ఫార్మాట్స్‌కి వెళ్లి "మోస్ట్ కంపాటిబుల్" పెట్టమనండి. కంప్యూటర్‌కి ఎక్కించేటప్పుడు ఫొటోస్ సెట్టింగులో "కీప్ ఒరిజినల్స్" లేకపోతే ఫోనే దారిలో జేపెగ్ చేసేస్తుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే చిన్నదైపోతుంది, తేదీ వివరాలు పోతాయి. తప్పకపోతే డాక్యుమెంట్‌గా పంపాలి.

పీడీఎఫ్‌లు 60: ముందు లోపల ఏముందో చూడండి. పాప్లర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వచ్చే పీడీఎఫ్‌ఇమేజెస్ ప్రోగ్రాముకి లిస్ట్ ఆప్షన్ ఇస్తే ఒక్కో పేజీలో ఏ ఎన్‌కోడింగ్, ఎన్ని పిక్సెళ్లు, ఎంత రిజల్యూషన్ అన్నీ పట్టికగా వస్తాయి. ఎన్‌కోడింగ్ గడిలో జేపెగ్ అని వస్తే "ఆల్" ఆప్షన్‌తో ఉన్నదున్నట్టు బయటికి తీయొచ్చు, మళ్లీ కుదించదు. జేబిగ్2 అని వస్తే ఆగండి.

జేబిగ్2 నలుపు-తెలుపు పేజీల కోసం. అందులో నష్టంతో కుదించే ఒక పద్ధతి ఉంది: పేజీలో ఒకేలా కనిపించే గుర్తుల్ని పోగుచేసి, ఒక్కటే దాచి, మిగతా చోట్ల దాన్నే అతికిస్తుంది. 2013లో జర్మనీలో డేవిడ్ క్రీసెల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త దీని సంగతి బయటపెట్టారు. ఒక స్కానర్ తీసిన నకలులో 6 ఉన్నచోట 8 అచ్చయి వచ్చింది. మసక కాదు, చక్కగా, పదునుగా, తప్పుగా. అంకెలకే అలా అయితే మన లిపి మాటేమిటి? ద–ధ, డ–ఢ, ప–ఫ మధ్య తేడా ఒక చిన్న గీత. పాత సీసం అచ్చులో ఆ గీత సగం అరిగి ఉంటుంది. గుర్తులు పోల్చే ప్రోగ్రాముకి ఆ రెండూ ఒకటే. అలాంటి పీడీఎఫ్‌ల పేజీలు కొన్ని మూలంతో పక్కపక్కన పెట్టి చదవాలి. కాగితం ఇంకా ఉంటే ఆ సంచికలు మళ్లీ తీయడమే మంచిది.

రెండే రంగుల స్కాన్‌కి ఇంకో ఇబ్బంది, ఏ కంప్రెషన్ అయినా సరే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో చాలా పుస్తకాలు అంగుళానికి 600 చుక్కలతో, పూర్తి నలుపు లేదా పూర్తి తెలుపుగా స్కాన్ అయ్యాయి. అప్పటి డిస్కుల ధరకి అది ఆలోచించి తీసుకున్న నిర్ణయం, ఆ పుస్తకాల వల్ల ఎంతమందికి మేలు జరిగిందో లెక్కలేదు. కానీ పసుపెక్కిన కాగితం మీద వెలిసిన సిరాకి ఆ హద్దు ఎక్కడ పెట్టినా ఏదో ఒకటి పోతుంది. పైకి పెడితే మచ్చలన్నీ నలుపై అక్షరాల్లో కలుస్తాయి, కిందికి పెడితే పొల్లు, వత్తుల కింద గీతలు ఎగిరిపోతాయి. మాస్టర్ రంగుల్లో ఉంటే ఆ హద్దు రేపు ఇంకా మంచి ప్రోగ్రాముతో మళ్లీ గీసుకోవచ్చు.

కాగితపుపడవ:

ఇంత వివరంగా రాసినందుకు ముగ్గురికీ, అచ్చుగుడి గారికీ చాలా చాలా ధన్యవాదాలు. ఊదా ముద్ర చూశాను, మీరు చెప్పినట్టే ఉంది. టిఫ్ ఖాయం చేసుకున్నాం. ఇంకో మూడు సందేహాలు.

ఒకటి, కెమెరా రా ఫైళ్లు (సెన్సర్ నుంచి నేరుగా వచ్చేవి) కూడా దాచాలా, టిఫ్ అయ్యాక తీసేయొచ్చా? రెండు, పత్రికలతోపాటు తాళపత్రాల కట్టలు రెండున్నాయి, ఆకులు 18 అంగుళాల పొడవు. ఆకు మొత్తం ఒక్క ఫొటోలో తీస్తే సరిపోతుందా? మూడు, ఫైళ్ల పేర్లు తెలుగులో పెట్టాలని మావాళ్ల పట్టుదల. ఏమైనా ఇబ్బందా?

నిల్వగది:

రా ఫైలు: జాగా ఉంటే ఉంచండి. 24 మెగాపిక్సెల్ రా నష్టం లేని కంప్రెషన్‌తో సుమారు 25–30 ఎంబీ, 40,000కి ఒక టీబీ పైచిలుకు. టిఫ్‌తో కలిపి నాలుగు టీబీ. పడుతుంది. కానీ రా ఒక్కటే మాస్టర్ కాకూడదు. ఒక్కో కంపెనీ రా ఒక్కో రకం, లోపలి వివరాలు ఎక్కువగా ప్రకటించరు. డీఎన్‌జీ చేసుకుంటే మేలు: 2004లో అడోబీ ప్రకటించిన బహిరంగ ప్రమాణం, టిఫ్ ఎముకల మీదే కట్టింది, లోపల రా పిక్సెళ్లకి సొంత ఎండీ5 చెక్‌సమ్ కూడా రాస్తుంది. మార్చేటప్పుడు "లాసీ" అనే గడి టిక్ లేకుండా చూసుకోండి.

తాళపత్రం: 18 అంగుళాల ఆకుకి 6000 పిక్సెళ్లు పంచితే అంగుళానికి 333. గంటంతో గీసిన సన్నటి గీతలకి అది చాలదు. ఆకుని రెండు భాగాలుగా, మధ్యలో రెండు అంగుళాలు ఒకదాని మీద ఒకటి వచ్చేలా తీయండి, అప్పుడు ఒక్కో భాగం 10 అంగుళాలు, అంచులకి ఇంకో అంగుళం కలిపినా 545 దాకా వస్తుంది. రెండు ముక్కల టిఫ్‌లే మాస్టర్లు. అతికించి చేసిన పొడవాటి బొమ్మ చదువుకోవడానికి మాత్రమే. అతికించే ప్రోగ్రాము కలిసేచోట పిక్సెళ్లు కొత్తగా పుట్టిస్తుంది, ఒక్కోసారి ఒక అక్షరం సన్నబడుతుంది. మసి పట్టని ఆకులైతే, ఒక లైటు ఆపి రెండోదాన్ని పక్కనుంచి బాగా కిందికి వంచి ఇంకో ఫొటో తీయండి. గాడి నీడ పడి అక్షరం లేస్తుంది.

టిఫ్ పరీక్ష గురించి ముందు రాయలేదు. బ్యాచ్ అవగానే ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రాముతో ఈ ట్యాగులు (సూచికలోని నంబరు గల వివరాలు) బయటికి తీసి ఒక్క స్ప్రెడ్‌షీట్‌లో చూడండి: 258లో 8 8 8 ఉండాలి, 259లో 1 ఉండాలి, 34675 ఖాళీగా ఉండకూడదు, ఎందుకంటే అదే కలర్ ప్రొఫైల్. 259లో 5 వస్తే ఎల్‌జెడ్‌డబ్ల్యూ, 7 వస్తే లోపల జేపెగ్, 6 వస్తే పాతరకం జేపెగ్. ఆ 6 ఉన్న ఫైళ్లు ఒక్కో ప్రోగ్రాములో ఒక్కోలా తెరుచుకుంటాయి, అసలు దగ్గరికి రానివ్వకండి. 37724 కనిపిస్తే ఎవరో ఫొటోషాప్ లేయర్లతో సేవ్ చేశారని అర్థం. జోవ్ అనే పరీక్ష ప్రోగ్రాముతో కూడా నడపండి, కానీ అది ట్యాగుల నిర్మాణం చూస్తుంది గానీ పిక్సెళ్లు విప్పి చూడదు. అందుకని ఇమేజ్‌మ్యాజిక్‌తో ప్రతి ఫైల్‌నీ ఒకసారి పూర్తిగా చదివించాలి.

పొల్లు:

తెలుగు పేర్ల సంగతి. పట్టుదల అర్థమవుతుంది, కానీ మాస్టర్ ఫైళ్లకి వద్దు.

"కైఫియత్తులు" అని ఫోల్డర్ పేరు పెట్టారనుకోండి. యూనికోడ్‌లో ఐత్వం రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వం ప్లస్ కింది ఐత్వపు గుర్తుగా, రెండు ముక్కల్లో. కంటికి రెండూ "కై". పాత మాక్ డిస్కు ఫార్మాట్ హెచ్ఎఫ్ఎస్ ప్లస్ దాన్ని తనంతట తానే రెండు ముక్కలు చేసి దాచేది. లినక్స్‌లో కట్టిన చెక్‌సమ్ జాబితాలో ఒక ముక్క, డిస్కు మీద రెండు ముక్కలు. సరిచూసే రోజు "కైఫియత్తులు" అనే ఫోల్డర్ లేదని వస్తుంది, కళ్లెదుట ఉన్నా. ఐత్వం లేని పేర్లు బాగానే ఉండి, ఉన్నవి మాత్రమే తప్పుతుంటే కారణం ఎవరికీ తట్టదు.

పొడవు ఇంకో సమస్య. లినక్స్‌లో ఫైల్ పేరుకి 255 బైట్లు. తెలుగులో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు. అంటే 85 గుర్తులే, గుణింతం, పొల్లు, వత్తు అన్నీ విడివిడిగా లెక్కే. "స్త్రీ" ఒక్క అక్షరానికే ఆరు గుర్తులు, 18 బైట్లు. పత్రిక పేరు, సంపుటం, సంచిక, నెల అన్నీ తెలుగులో పెడితే హద్దు దగ్గరికి వచ్చేస్తారు. అప్పుడు బ్యాకప్ ప్రోగ్రాము కొన్ని ఫైళ్లని వదిలేస్తుంది, లాగ్‌లో ఎక్కడో ఒక వరుస రాసి.

ఫైల్ పేరు ఇంగ్లీషు చిన్న అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్‌తో పెట్టండి: పత్రికకి మూడక్షరాల కోడు, సంవత్సరం, నెల, పేజీ నాలుగంకెల్లో, 0001 నుంచి. అట్ట, ఖాళీ పేజీ, ప్రకటన అన్నీ వరుసలో లెక్కపెట్టాలి. అచ్చులో ఉన్న పేజీ నంబరు వేరు, ఫైల్ నంబరు వేరు. తెలుగు పేరు, సంపాదకుడు, సంచిక వివరాలు అన్నీ ఒక యూటీఎఫ్-8 సీఎస్‌వీ (యూనికోడ్‌లో రాసిన సాదా) పట్టికలో, ప్రతి ఫోల్డర్లో ఒక కాపీ.

చెక్‌సమ్‌కి షా-256 వాడండి. ఫోల్డర్‌ని బ్యాగిట్ పద్ధతిలో కడితే, అంటే డేటా ఒక పక్క, చెక్‌సమ్ జాబితా ఒక పక్క, 2018లో ఆర్ఎఫ్‌సీ (ఇంటర్నెట్ పద్ధతుల పత్రం) 8493గా వచ్చింది, ఏ కంప్యూటర్‌లోనైనా సరిచూడొచ్చు. ఒక్క మెలిక: ఫైల్లోకి తర్వాత మెటాడేటా రాస్తే చెక్‌సమ్ మారిపోతుంది. కాబట్టి ఎగ్జిఫ్‌టూల్‌తో పత్రిక పేరు, హక్కుల వివరం రాయడం ముందు, చెక్‌సమ్ కట్టడం తర్వాత. క్రమం తప్పిపోతే ఇమేజ్‌మ్యాజిక్ ఐడెంటిఫైలో సిగ్నేచర్ అడగండి, అది ట్యాగుల్ని వదిలేసి పిక్సెళ్లకి మాత్రమే హాష్ ఇస్తుంది. పాత కాపీతో అది కలిస్తే బొమ్మ మారలేదని తేలుతుంది.

తరంగిణి:

చివరిగా పాఠకుల కాపీ మాట. మాస్టర్ నుంచి అంగుళానికి 300 పిక్సెళ్లకి తగ్గించి, ఎస్ఆర్‌జీబీ (మామూలు తెరల రంగు ప్రమాణం) లోకి మార్చి, జేపెగ్ క్వాలిటీ 80–85, రంగు కోత లేకుండా. ప్రొఫైల్ మార్చకుండా అడోబీ ఆర్‌జీబీలోనే వదిలేస్తే, ప్రొఫైల్ పట్టించుకోని వ్యూయర్లలో కాగితం జీవం లేనట్టు పాలిపోయి కనిపిస్తుంది. ఆ జేపెగ్‌లని ఇమ్జ్‌టూపీడీఎఫ్‌తో పీడీఎఫ్ చేయండి, అది మళ్లీ కుదించకుండా ఉన్నదున్నట్టు పొదుగుతుంది. ఇమేజ్‌మ్యాజిక్‌తో చేస్తే మళ్లీ కుదిస్తుంది. ఓసీఆర్‌కి (బొమ్మలోంచి అక్షరాలు చదివించడానికి) టెస్సెరాక్ట్ ప్రోగ్రాములో తెలుగు ఉంది, దానికి కూడా ఈ జేపెగ్ కాకుండా టిఫ్ నుంచే ఇవ్వండి.

మొదటి వంద పేజీలు తీసి, ట్యాగుల పట్టిక ఇక్కడ పెడితే చూసి చెబుతాం. మిగతా 39,900 ఆ తర్వాత మొదలుపెట్టండి.